చెప్పకుండా పోయిన చెంగల్రాయుడు

యుద్ధం జరుగుతున్న రోజుల్లో తిరుపతికి లోకం సంగతులన్నీ మా బామ్మర్ది సైకిలు మీద వచ్చేవి. మద్రాసు పత్రికల కట్టలు తెల్లవారుజామున మెయిలు బండిలో రేణిగుంటలో దిగేవి. అక్కడి నుంచి ఊళ్ళోకి వచ్చే చిన్నబండి కోసం కాచుకుంటే బాగా పొద్దెక్కిపోయేది. చెంగల్రాయుడు ఆ కట్టలను క్యారియరు మీద కొబ్బరితాడుతో బిగించి, చిన్నబండి ఇంజను ఇంకా నీళ్ళు పట్టుకుంటూ ఉండగానే గోవిందరాజస్వామి గుడి దగ్గర దిగేవాడు. సింగపూరు పడిపోయిందనీ, రంగూను నుంచి మనవాళ్ళు నడిచి వస్తున్నారనీ కాఫీ హోటలు ముందు నిలబడ్డ పెద్దమనుషులకు తెలిసేది అతని గంట వినబడ్డ తర్వాతే.

"యుద్ధం యాడిదాకా వచ్చిందప్పా?" అని వాళ్ళు అడిగితే, కట్ట విప్పుతూ, "నాకేం తెలుసు సామీ, అది నా వీపెనకాల ఉండాది" అనేవాడు.

అతను పోయి నాలుగు నెలలు దాటింది. ఇప్పుడు పత్రికలు చిన్నబండిలోనే వస్తున్నాయి. యుద్ధం ముగిసింది కాబట్టి ఎవరికీ అంత తొందర కూడా లేదు. నేను మాత్రం పొద్దున్నే పళ్ళు తోముకుంటూ వీధి వైపు చెవి పెడుతూ ఉంటాను. ఊళ్ళో సగం మందికి అతను పేపరు చెంగల్రాయుడు, మిగిలిన సగానికి రేసు చెంగల్రాయుడు. మనిషి ఒకడే, సైకిలూ ఒకటే.

నాది సత్యవేడు. పెళ్ళిచూపులకు తిరుపతి వస్తున్న రోజున నేనెక్కిన బస్సు పుత్తూరు దాటగానే ఆగిపోయింది. మా పెద్దవాళ్ళు ముందురోజే వెళ్ళి పిల్లవాళ్ళింట్లో కూర్చున్నారు. పెళ్ళికొడుకు మాత్రం రోడ్డు పక్కన చింతచెట్టు కింద నిలబడ్డాడు. అప్పుడు దుమ్ములోంచి ఒక నల్లటి కుర్రవాడు సైకిలు మీద వచ్చి, బస్సులోకి తొంగిచూసి, తిన్నగా నా దగ్గరకే వచ్చాడు.

"ఎక్కు బావా. గట్టిగా పట్టుకో. నువ్వు పడితే మా అక్క నన్ను కొడుతుంది."

"ఇంకా పిల్లను చూడనేలేదు, అప్పుడే బావ అంటున్నావే" అన్నాను.

"నా సైకిలు ఎక్కినోడు ఇంగ యాడికి పోతాడు?"

అతను చెప్పినట్టే జరిగింది. ఆనందమ్మను చేసుకున్నాను. కొన్నాళ్ళకు తిరుపతిలోనే బడిపంతులు పని దొరికి, అత్తగారి ఇంటి పక్క వాకిట్లో కాపురం పెట్టాను. అత్తగారు తిరుమలమ్మ. మామగారు చెంగల్రాయుడి చిన్నతనంలోనే పోయారు. ఆయన బెల్లం బండ్లు తోలేవారని విన్నానే గాని నేను చూడలేదు. తండ్రి ముఖం చెంగల్రాయుడికీ సరిగా గుర్తులేదు.

అతని మొదటి పందెం కార్వేటినగరంలో జరిగింది. కోట ముందర ఏదో ఉత్సవానికి సైకిళ్ళ పందెం పెట్టారని తెలిసి, పత్రికలు పంచేసి అటే వెళ్ళాడు. నెగ్గి, భుజాన కొత్త పంచె వేసుకుని, చీకటి పడకముందే ఇంటికొచ్చాడు. ఆ తర్వాత పుత్తూరు, అరక్కోణం, పాకాల. ఎక్కడ పందెమన్నా అదే బరువైన నల్ల సైకిలు. క్యారియరు, మడ్‌గార్డులు విప్పేవాడు, గంట మాత్రం విప్పేవాడు కాదు. "గంట కూడా పీకేస్తే ఇది నా బండేనని దానికెట్ల తెలుస్తుంది?" అనేవాడు.

అతని పద్ధతి ఒకటుంది. మొదట్లో ఎప్పుడూ ముందుకు పోడు. ఎవరో ఒకరి వెనక, చక్రం తగిలేంత దగ్గరగా ఉండి, వాళ్ళ ఊపిరి వింటూ పోయేవాడు. "మనిషి అబద్ధమాడతాడు గానీ ఊపిరి ఆడదు బావా. అది మారిన చోట దాటాల. ముందూ దాటకూడదు, ఎనకా దాటకూడదు." ఈ లెక్క ఒక్క మనిషి దగ్గర మాత్రం పారేది కాదు. చిత్తూరు మిషను బడిలో డ్రిల్లు మాస్టరు ప్రేమానందం, పొడుగాటి మనిషి. ఎత్తు ఎక్కేటప్పుడు లోలోపల కీర్తన పాడుకునేవాడు. "ఆయన పాడతా ఉంటే నాకు ఊపిరి దొరకదు బావా. ఏసుప్రభువు అడ్డం వస్తాండాడు" అని చెంగల్రాయుడు నవ్వేవాడు. అయినా ఇద్దరూ కలిసిన ప్రతి పందెంలోనూ మావాడే ముందుండేవాడు. ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారి సంగతి చెప్పాలంటే ముందు జాతర సంగతి చెప్పాలి.

తిరుపతిలో ప్రతి ఎండాకాలం గంగమ్మ జాతర జరుగుతుంది. జాతరకు వారం ముందు ఊళ్ళో చాటింపు వేస్తారు. చాటింపు పడ్డాక ఊరివాళ్ళు జాతర అయ్యేదాకా పొలిమేర బయట పడుకోకూడదు. పగలు ఎక్కడ తిరిగినా రాత్రికి ఇల్లు చేరాలి. చేరకపోతే తల్లికి కోపం వస్తుంది, ఇంటికి జబ్బు తగులుతుంది అంటారు. సత్యవేడు నుంచి వచ్చినవాణ్ణి కనక నాకు మొదట్లో ఇది వింతగా ఉండేది. మా వీధిలో ఎవరికీ వింత కాదు. వండిన అన్నం తొక్కకూడదు అన్నంత మామూలుగా చెప్పేవాళ్ళు.

నలభై రెండో సంవత్సరం జాతర వారంలోనే రాయవేలూరులో పెద్ద పందెం జరిగింది. సాయంత్రానికి వచ్చేస్తాను కదా అనుకుని, ఇంట్లో చెప్పకుండానే బయలుదేరాడు చెంగల్రాయుడు. పందెం నెగ్గాడు. బహుమతి ఇవ్వాల్సిన పెద్దమనిషి పొద్దుగూకాక వచ్చాడు, పైగా గాలివాన పట్టుకుంది. రాత్రి అక్కడే ఒక సత్రంలో పడుకుని, మరునాడు తొలిబండిలో సైకిలు వేసుకుని వచ్చి, వెండిపూత కప్పు హ్యాండిలుకు కట్టుకుని గంట కొట్టుకుంటూ వీధిలోకి వచ్చాడు.

అప్పటికి మా పద్మాక్షికి అమ్మవారు పోసింది. మాకు పుట్టిన ఒక్కగానొక్క ఆడపిల్ల. మాటలు వచ్చి ఏడాది కూడా కాలేదు. మేనమామ సైకిలు గంట వింటే ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చేది. ఆ రోజు గంట వినబడితే వేపరెమ్మల కింద పడుకున్నచోటే కళ్ళు తెరిచి, లేవబోయి, లేవలేకపోయింది. జాతర ముగిసేలోగా మమ్మల్ని వదిలి వెళ్ళిపోయింది.

చెంగల్రాయుడు ఆ కప్పును అటక మీదికి ఎత్తేశాడు. ఇంట్లో దాని మాట ఎవరూ ఎత్తలేదు. నేను చాలాసార్లు చెప్పాను. మా వీధిలో అప్పటికే రెండిళ్ళలో అమ్మవారు ఉంది, పాపకు ఒళ్ళు వెచ్చబడింది నువ్వు వెళ్ళడానికి ముందురోజే, నువ్వు వేలూరులో పడుకున్నా ఇంట్లో పడుకున్నా జరిగేది అదేనని. అతను తల వంచుకుని విని, చివరికి ఒకటే మాట అనేవాడు.

"బావా, నువ్వు సత్యవేడోడివి. నీకు తెల్దులే."

తండ్రిని నేను. నా మాట అతని దగ్గర చెల్లలేదు. మా అత్తగారు ఒక్క మాట అనుంటే చెల్లేదేమో. ఆమె ఏమీ అనలేదు. ఆ మౌనానికి అతను తనకు తోచిన అర్థం చెప్పుకున్నాడు.

యుద్ధం ముదిరేకొద్దీ టైర్లు దొరకడం కష్టమైంది. పర్మిట్టు ఉన్నవాళ్ళకే కొత్త టైరు. చెంగల్రాయుడు పాత టైరు అరిగిన చోట ఇంకో పాత టైరు ముక్క కోసి లోపల పెట్టి తొక్కేవాడు. చక్రం తిరిగినప్పుడల్లా ఆ ముక్క దగ్గర ఒక గతుకు. "గుర్రం కుంటుతా ఉండాది" అనేవాడు. ఆ కుంటి గుర్రంతోనే జిల్లాలో జరిగిన పందేలన్నీ నెగ్గుతూ వచ్చాడు. చిత్తూరు పత్రికలో ఒకసారి అతని పేరు అచ్చయింది. ఆ పత్రికను అతనే మోసుకొచ్చి అందరికీ పంచాడు. లోపల తన పేరున్నట్టు నేను చూపించేదాకా తెలియదు.

నలభై ఆరులో మద్రాసు కబురు వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలోని జిల్లాలన్నిటి నుంచీ ఒక్కొక్క మనిషిని పిలిచి, సముద్రం ఒడ్డున తారు రోడ్డు మీద పందెం పెడతారట. నెగ్గినవాళ్ళను బొంబాయి పంపుతారట. వెళ్ళేవాళ్ళకు వంకర హ్యాండిలు ఉన్న తేలిక సైకిలు సంఘం వాళ్ళే ఇస్తారట. మా జిల్లా మనిషిని తేల్చడానికి చిత్తూరు నుంచి తిరుపతికి ఒక పందెం. నెగ్గినవాడు ఒక్కడే మద్రాసు పోతాడు.

ఆ కబురు విన్న సాయంత్రం మా అరుగు మీద కూర్చుని సైకిలు గొలుసుకు నూనె వేస్తూ అన్నాడు. "బావా, నేను తొక్కిందంతా గుంతల్లోనే. దుమ్ము, రాళ్ళు, ఎద్దుబండ్ల గాడి. గుంత లేని దారి మీద, కుంటని చక్రంతో నేనెంత పోగలనో నాకే తెల్దు. ఒక్కసారి చూసుకోవాల. ఓడినా సరే. చూసుకోవాల."

ఆ మాట నేను మరిచిపోలేదు. బహుమతి గురించి కాని, పేరు గురించి కాని అతనెప్పుడూ అలా మాట్లాడలేదు.

పందెం మొదట ఏప్రిల్‌లో అన్నారు. రావలసిన దొర ఎవరో రాలేకపోవడంతో వాయిదా వేశారు. కొత్త తేదీ ఎప్పుడో తెలియలేదు. మే నెలలో జాతర వచ్చింది. చాటింపుకు ముందురోజే నేను పరీక్ష పేపర్లు దిద్దే పని మీద చిత్తూరు వెళ్ళాను. చాటింపు పడ్డాక, ఆ వారం మధ్యలో, పందెం ఆదివారం పొద్దున అని తేల్చారు.

చిత్తూరులో నాకు ఒక గది ఇచ్చారు. శనివారం సాయంత్రం బండిలో సైకిలు వేసుకుని రమ్మనీ, రాత్రి నా దగ్గర పడుకుని పొద్దున్నే పందేనికి పోవచ్చనీ తిరుపతి వెళ్తున్న తోటి పంతులుతో కబురు పంపాను. వస్తానని కబురు వచ్చింది. శనివారం సాయంత్రం స్టేషనుకు వెళ్ళాను. బండి వచ్చింది, జనం దిగారు, సామాను వేసే బ్రేకు పెట్టెలోంచి కోళ్ళ గంపలు దించారు. సైకిలు దించలేదు. చెంగల్రాయుడు రాలేదు.

ఆదివారం పొద్దున పందెం మొదలయ్యే చోటికి నేను ఊరికే వెళ్ళాను. పదిమందికి పైగా సైకిళ్ళు పట్టుకుని నిలబడ్డారు. ప్రేమానందం నన్ను చూసి దగ్గరకు వచ్చాడు.

"మీవాడు యాడ సార్?"

"రాలేదండీ. ఎందుకో తెలియదు."

"అట్లనా." అతని ముఖం వాడిపోయింది. "ఆయన లేకుండా గెలిస్తే ఏం బాగుంటాది?"

అంతలో తిరుపతి దారి వైపు నుంచి గంట వినబడింది. చెంగల్రాయుడు వస్తున్నాడు. కనుబొమల మీద కూడా దుమ్ము. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. దిగి, సైకిలు నాకు అప్పగించి, "బావా, నీళ్ళుండాయా?" అన్నాడు.

"బండెక్కలేదేం?" అన్నాను.

"చాటింపు పడింది గదా."

శనివారం రాత్రి ఇంట్లో పడుకుని, రెండో కోడి కూయగానే లేచి, నలభై మైళ్ళకు పైగా తొక్కుకుంటూ వచ్చాడు. ఇప్పుడు అదే దారి వెంట, ఎండలో, తిరిగి తిరుపతికి పందెం తొక్కాలి.

"అమ్మ పోవద్దన్నదా?"

"అమ్మకు చెప్పలేదు. రేణిగుంటకు పోతాండాననుకుంటుంది. చెప్తే పాప గుర్తొస్తాది బావా. ఆమెను ఎందుకు ఏడిపించేది?"

"మరి ఇలా ఎలా తొక్కుతావు?"

"దారి చూసుకుంటా వచ్చినా గదా. గుంతలు యాడెయాడ ఉండాయో నాకు తెలుసు ఇప్పుడు" అని నవ్వి, క్యారియరు విప్పి నా చేతికిచ్చాడు.

నీళ్ళూ, విడి చక్రాలూ మోసే లారీ ఒకటి పందెం వెనక నడిచింది. నన్ను ఎరిగినవాళ్ళు ఉండబట్టి దానిమీద ఎక్కించుకున్నారు. అందుకే నేను చూడగలిగాను. పూతలపట్టు దాటేదాకా అందరూ గుంపుగా ఉన్నారు. పాకాల దారి చీలేచోట గుంపు విడింది. పనపాకం ఎత్తు మీద ప్రేమానందం కీర్తన అందుకున్నాడు. అతని వెనక చక్రానికి జానెడు దూరంలో చెంగల్రాయుడు. ఎత్తు ముగిసి దిగుడు మొదలైన చోట మావాడు పక్కకు జరిగి ముందుకు పోయాడు. చంద్రగిరి కోట కనబడేసరికి ప్రేమానందం ఎంతో వెనక ఉన్నాడు. లారీ మీది జనం అరుస్తున్నారు. నేను కూడా అరిచాను. పందెం అయిపోయిందనే అనుకున్నాను.

చంద్రగిరి దాటాక దారి చదునుగా ఉంటుంది. అక్కడ అతని కుడికాలు పట్టేసింది. ఎడమకాలితో తొక్కుతూ, కుడికాలిని చేత్తో గుద్దుకుంటూ పోయాడు. ప్రేమానందం దగ్గరవుతూ వచ్చాడు. ఈసారి అతను పాడలేదు.

జాతర జనంలోకి సైకిళ్ళు పోకూడదని ఊరికి పడమట, పొలిమేర రాయి పక్కన సున్నంతో గీత గీశారు. అది కనబడే దూరంలో ప్రేమానందం అతన్ని దాటాడు. గీత దగ్గర ఇద్దరికీ మధ్య ఒక చక్రం తేడా.

చెంగల్రాయుడు సైకిలును పడేయకుండా, జాగ్రత్తగా రాయికి ఆనించి, ఆ రాయి పక్కనే కూలబడ్డాడు. ఆ రోజు మాతంగి వేషం రోజు. మగవాళ్ళు చీరలు కట్టుకుని, గాజులు వేసుకుని ఊరి చుట్టూ తిరుగుతున్నారు. మా పక్కింటి గంగాధరం మీసాలతో, ముక్కుపుడకతో వచ్చి నడుము మీద చెయ్యి పెట్టి, "ఏమే చెంగల్రాయమ్మా, నీకన్నా నేనే ముందొచ్చినానే" అన్నాడు. జనం నవ్వారు. చెంగల్రాయుడు కూడా నవ్వబోయాడు. వేషాల వాళ్ళకు అంబలి పోయడానికి మా వీధి ఆడవాళ్ళు అక్కడే కుండలు పెట్టుకుని ఉన్నారు. వాళ్ళలోంచి మా అత్తగారు చెంబు పట్టుకుని వచ్చింది.

"ఏంది నాయనా ఇది? రేణిగుంటకు పోలేదా నువ్వు?"

నేనే చెప్పాను. పందెం సంగతి, మద్రాసు సంగతి, బయట పడుకోకూడదని తెల్లవారకముందే చిత్తూరుకు తొక్కుకుంటూ వచ్చిన సంగతి. ఆమె అంబలి చెంబు అతని నోటికి ఆనించి, తాగిందాకా ఊరుకుంది.

"పోగూడదని ఎవురు చెప్పినారు నీకు?"

"అందరూ అంటారు గదమ్మా."

"చెప్పకుండా పోగూడదంటారు. చెప్పి పొయ్యేదానికి ఏమి? మీ నాయన జాతర వారంలోనే గదా బెల్లం బండ్లు తోలుకోని చిత్తూరు పొయ్యేది. ఒక్క ఏడన్నా ఈడ పండుకున్నాడా? నేను ఈ రాయికే పసుపు పూసి, 'తల్లీ, ఇంటాయన పనిమీద పోతాండాడు, ఊళ్ళో ఉండేవాడి కిందనే ఎంచుకో' అని చెప్పుకునేదాన్ని. మా అత్త నేర్పింది నాకు. నన్ను ఒక్క మాట అడిగింటే నీకూ చెప్పింటినే."

చెంగల్రాయుడు ఆమె ముఖం వైపు చూశాడు. "వేలూరికి పొయినప్పుడు చెప్పలేదు గదమ్మా నేను" అన్నాడు.

"నువ్వు చెప్పలేదు. నేను చెప్పుకున్నా. పొద్దుగూకినా నువ్వు రాకపోతే పసుపు తీసుకోని ఈడికే వచ్చినా, ఆ వానలో."

"మరి పాప?"

"పాపకు నువ్వు పొయ్యే ముందర దినమే ఒళ్ళు కాలతా ఉండె. దానికీ దీనికీ ఏమి?" ఆమెకు అప్పుడు అర్థమైంది. చెంబు కింద పెట్టింది. "ఇన్నేండ్లూ నువ్వు ఇది మోస్తా ఉండావా నాయనా?"

"నువ్వేమీ మాట్లాడలేదు గదా."

"కూతురు ఏడస్తా ఉంటే నేనేం మాట్లాడేది? నువ్వు ఆ కప్పు తీసి అటక మీద యేస్తే, నీకే దాని మీద మనసు లేదనుకున్నా."

ప్రేమానందం అప్పుడు దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. "నువ్వు రాత్రంతా నిద్రపోయింటే నేను నీ దుమ్ము తింటా వస్తా ఉండేవాణ్ణి, తమ్ముడా. నాకు తెలుసు" అన్నాడు. చెంగల్రాయుడు అతని చెయ్యి పట్టుకుని, "మద్రాసులో రోడ్డు ఎట్లుండాదో వచ్చి చెప్పన్నా" అన్నాడు. అంతే. పొలిమేర రాయి మీద పాత పసుపు మరకలు ఉన్నాయి. వాటిలో తండ్రి కోసం పూసినవి ఏవో, తన కోసం పూసింది ఏదో అన్నట్టు వేలితో తడుముతూ కూర్చున్నాడు.

ప్రేమానందం మద్రాసు వెళ్ళి, మధ్యలో ఎక్కడో వచ్చాడు. మాట తప్పకుండా తిరుపతి వచ్చి, మా అరుగు మీద కూర్చుని ఆ రోడ్డు గురించి చెప్పాడు. "చక్రం కింద చప్పుడే లేదు తమ్ముడా. మన ఊపిరి మనకే వినపడతాది" అన్నాడు. చెంగల్రాయుడు ఆ మాట మళ్ళీ ఒకసారి చెప్పించుకున్నాడు.

తర్వాతి ఏడు మద్రాసు పందెం జరగలేదు. నలభై ఎనిమిదిలో జరిగింది. ఈసారి జిల్లా పందెం జాతర రోజుల్లో కాదు, చలికాలం మొదట్లో. మా అత్తగారు అవసరం లేకపోయినా అటక మీది కప్పు దించి, చింతపండుతో తోమి, దాన్నిండా పసుపునీళ్ళు కలుపుకుని పొలిమేర రాయి దగ్గరకు వెళ్ళి వచ్చింది. చెంగల్రాయుడు ముందురోజే బండెక్కి, చిత్తూరులో కడుపునిండా తిని పడుకున్నాడు. కొత్త టైర్లు కూడా ఉన్నాయి. నాలుగోవాడిగా వచ్చాడు. ముందొచ్చిన ముగ్గురూ అతనికన్నా ఎంతో చిన్నవాళ్ళు.

"వాళ్ళ ఊపిరి మారేలేదు బావా" అన్నాడు. "నాదే మారింది."

ఇందులో ఎవరినీ అనడానికి లేదు. నాకు అదే కష్టంగా ఉంది. అమ్మ బాధపడుతుందని కొడుకు అడగలేదు. కొడుక్కే ఆ కప్పు మీద మనసు లేదనుకుని అమ్మ ఆ మాట ఎత్తలేదు. ఒక గోడకు అటూ ఇటూ ఇద్దరూ ఒకరి నిద్ర ఒకరు చెడగొట్టకూడదని చప్పుడు చెయ్యకుండా తిరిగారు. మధ్యలో అతని మంచి సంవత్సరాలు వెళ్ళిపోయాయి. గుంత లేని దారి మీద ఎంత పోగలడో అతనికీ తెలియలేదు, మాకూ తెలియలేదు.

ఆ పందెం తర్వాత వచ్చిన రెండు జాతరలకూ అతను ఒక పని చేశాడు. చాటింపు పడే రోజు మధ్యాహ్నం వీధి వీధీ సైకిలు మీద తిరిగి, గంట కొట్టి, "ఊరు దాటే పనుండేవాళ్ళు ఇప్పుడే చెప్పండప్పా. మా అమ్మ రాయి కాడికి పోతాండాది, మీ పేరు గూడా చెప్పి వస్తాది" అని అడిగేవాడు. "చాటింపుకే చాటింపా?" అని గంగాధరం ఎగతాళి చేసేవాడు. కాలేజీ పరీక్షలున్న పిల్లలు, కాట్పాడి వైపు కూలికి పోయేవాళ్ళు పేర్లు చెప్పేవాళ్ళు. మా అత్తగారు వాటిని వరసగా గుర్తుపెట్టుకునేది.

అంత చేసినవాడు తన సంగతి మాత్రం చెప్పడం నేర్చుకోలేదు. పోయిన మాఘమాసంలో ఒంట్లో జ్వరం పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా, మంచులో రోజూ రేణిగుంట వెళ్ళి వచ్చాడు. ఒకరోజు పత్రికలన్నీ పంచేసి ఇంటికొచ్చి, సైకిలును గోడకు ఆనించి పడుకున్నాడు. డాక్టరు వచ్చి, ఇంత ముదిరేదాకా ఏం చేస్తున్నారని మమ్మల్ని అడిగాడు. మా అత్తగారు అతని తల ఒళ్ళో పెట్టుకుని, "ఒక్క మాట చెప్పకూడదా నాయనా" అంటూనే ఉంది. వారం తిరక్కుండానే పోయాడు.

ఈ మే నెలలో మళ్ళీ జాతర వచ్చింది. చాటింపు పడే రోజు మధ్యాహ్నం వీధిలో గంట వినబడలేదు. ఎవరూ వచ్చి పేర్లు చెప్పలేదు. పొద్దు వాలుతుండగా మా అత్తగారు వేలూరు కప్పులో పసుపునీళ్ళు కలుపుకుని బయలుదేరింది. ఈ మధ్య ఆమెకు చూపు ఆనడం లేదు. నేను వెంట వెళ్ళాను.

రాయి దగ్గర కూర్చుని, పసుపు పూసి, పెదవులు కదుపుతూ చాలాసేపు ఉంది. లేవడానికి చెయ్యి అందించాను.

"ఎవరి పేరు చెప్పావు అత్తా? ఈసారి ఎవరూ అడగలేదు కదా" అన్నాను.

"వాడి పేరే."

ఆమె కప్పులో మిగిలిన నీళ్ళు రాయి మొదట్లో ఒంపి, చీరకొంగుతో కప్పు తుడిచింది.

"మళ్ళా చెప్పకుండానే పొయినాడు గదా" అంది. "ఊళ్ళో ఉండేవాడి కిందనే ఎంచుకోమని చెప్పినా."